సర్ట్సీ దీవి: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఎక్కడుంది ఈ సర్ట్సీ?

ఐస్‌లాండ్‌కి దక్షిణాన, తీరం నుంచి ముప్పై కిలోమీటర్లు దాటాక, అట్లాంటిక్ మహాసముద్రంలో ఉంది. అక్కడ వెస్ట్‌మన్ దీవులని ఒక గుంపు ఉంది. అందులో అన్నిటికన్నా కింద, దక్షిణపు కొసన ఉన్నది ఇదే. ఆ మాటకొస్తే ఐస్‌లాండ్ దేశానికే దక్షిణపు కొస ఇది. ఆ గుంపులో జనం కాపురముండేది హేమయ్ అనే ఒక్క దీవిలోనే, మిగిలినవన్నీ పక్షులవి. సర్ట్సీ విస్తీర్ణం ఇప్పుడు సుమారు 1.3 చదరపు కిలోమీటర్లు, అంటే బాగా చిన్నది. పుట్టిన కొత్తలో దీనికి రెట్టింపు ఉండేది. మిగతాది ఏమైందో కింద చెప్తాను.

దీవి వయసెంత? లక్షల ఏళ్ళా?

కాదు, పుట్టింది 1963లో. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చాలామంది దీనికన్నా పెద్దవాళ్ళే అయ్యుంటారు.

అదెలా? దీవి ఒక్కసారిగా ఎలా పుడుతుంది?

సముద్రం అడుగున, సుమారు 130 మీటర్ల లోతులో అగ్నిపర్వతం పేలింది. ఎప్పుడు మొదలైందో కచ్చితంగా ఎవరూ చూడలేదు, ఎందుకంటే అంత నీటి కింద మొదట్లో జరిగే రగడ పైకి కనిపించదు. కానీ ఇప్పుడు వెనక్కి చూసుకుంటే సూచనలు చాలానే ఉన్నాయి: ఆ వారం ముందు నుంచీ ఐస్‌లాండ్‌లోని భూకంప యంత్రాలు చిన్న చిన్న ప్రకంపనలు నమోదు చేశాయి, తీరం మీదున్న విక్ అనే ఊళ్ళో కుళ్ళిన కోడిగుడ్డు కంపు లాంటి వాసన వస్తోందని జనం అన్నారు, నవంబర్ 13న హెర్రింగ్ చేపల కోసం తిరుగుతున్న ఒక పడవ వాళ్ళు ఆ చుట్టుపక్కల నీళ్ళు ఉండాల్సిన దానికన్నా రెండు డిగ్రీలకు పైగా వెచ్చగా ఉన్నాయని గమనించారు. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపెట్టి చూసినవాళ్ళు మాత్రం ఆ రోజున లేరు.

మర్నాడు, నవంబర్ 14 పొద్దున్న ఏడుంబావు ప్రాంతంలో, ఈస్లీఫర్-2 అనే చేపల పడవలో వంట చేసే ఓలాఫుర్ వెస్ట్‌మన్‌కి దూరంగా నీళ్ళ మీద నల్లటి పొగ కనిపించింది. ఏదో పడవ తగలబడుతోందనుకున్నారు. కెప్టెన్ సాయం చేద్దామని పడవని అటే తిప్పాడు. దగ్గరికెళ్తే అక్కడ పడవా లేదు, మంటా లేదు, సముద్రమే బూడిద కక్కుతోంది. మర్నాటికల్లా నీటి పైకి నేల తేలింది. ఇంకో పదిరోజులకి ఆ నేల సుమారు 900 మీటర్ల పొడవు, 650 మీటర్ల వెడల్పు అయింది. పొగ కిలోమీటర్ల ఎత్తుకి లేచింది.

ఆ పేలుడు ఆగి ఆగి, చోటు మార్చి మార్చి, 1967 జూన్ 5 వరకు సాగింది. మూడున్నరేళ్ళు! చివరికి దీవి 2.7 చదరపు కిలోమీటర్లకి పెరిగింది, ఎత్తు సముద్రమట్టం పైన 174 మీటర్లు. మొత్తం బయటికొచ్చిన సరుకు ఒక ఘన కిలోమీటరు పైచిలుకు, అందులో ఎక్కువ భాగం బూడిదే, లావా తక్కువ.

నీళ్ళు పడితే నిప్పు ఆరిపోవాలి కదా, సముద్రంలో అగ్నిపర్వతం ఎలా పేలుతుంది?

నిజానికి నీళ్ళ వల్లే అంత గట్టిగా పేలింది. వెయ్యి డిగ్రీల పైన వేడి ఉన్న శిలాద్రవం చల్లటి నీళ్ళకి తగిలితే నీళ్ళు ఆ క్షణంలోనే ఆవిరై వందల రెట్లు ఉబ్బుతాయి, ఆ దెబ్బకి శిలాద్రవం తునాతునకలై బూడిదలా ఎగిరిపడుతుంది. కోడిపుంజు తోకలా ఆర్చీలు తిరుగుతూ పైకి లేచే నల్లటి బూడిద ధారలు ఫొటోల్లో కనిపిస్తాయి చూడండి, అవే ఇవి. ఇలాంటి పేలుళ్ళు ప్రపంచంలో ఎక్కడ జరిగినా భూగర్భ శాస్త్రవేత్తలు ఇప్పుడు వాటిని "సర్ట్సీ తరహా" అనే పిలుస్తారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, బూడిదతో కట్టిన దీవి నిలవదు. ఉత్తర అట్లాంటిక్ చలికాలపు తుఫాన్లంటే మాటలు కాదు, రెండు తుఫాన్లొస్తే అంతా కడుక్కుపోతుంది. సర్ట్సీ బతికి బట్టకట్టింది ఒక్క కారణం వల్ల: 1964 ఏప్రిల్ నాటికి బిలం చుట్టూ బూడిద కుప్ప బాగా పెరిగి సముద్రపు నీళ్ళు లోపలికి రాకుండా అడ్డుపడింది. నీళ్ళు ఆగిపోగానే పేలుళ్ళూ ఆగాయి, వాటి బదులు లావా నింపాదిగా పారడం మొదలైంది. ఆ లావా బూడిద మీద గట్టి మూతలా పరుచుకుంది. అప్పటికి గానీ ఈ దీవి నిలుస్తుందన్న నమ్మకం శాస్త్రవేత్తలకి కుదరలేదు.

దీనికి తోడబుట్టిన దీవులు కూడా ఉన్నాయంటారు?

ఉండేవి. పక్కన మూడు చోట్ల పేలింది, దీవులైనవి రెండే. సర్ట్లా అనేది 1963 చివర్లో పక్కనే పేలింది కానీ నీటి పైకి రాలేకపోయింది. సిర్ట్లింగర్ 1965 వేసవిలో పైకొచ్చి సుమారు 70 మీటర్ల ఎత్తు దాకా పెరిగి, అదే అక్టోబర్‌లో మాయమైంది. యోల్నిర్ 1965 క్రిస్మస్ రోజుల్లో మొదలై 1966 ఆగస్టు దాకా పేలుతూనే ఉంది, పేలుడు ఆగిన కొద్ది వారాలకే అలలు దాన్నీ మింగేశాయి. ఆ రెంటికీ లావా మూత పడలేదు.

పేరు సంగతేంటి?

ఉత్తర ఐరోపా వాళ్ళ పాత నార్స్ పురాణాల్లో సుర్టర్ అనే అగ్ని రాక్షసుడున్నాడు. అతని పేరే పెట్టారు.

ఫ్రాన్స్ వాళ్ళు "ఈ దీవి మాది" అన్నారట, నిజమేనా?

అన్నారు, కానీ సరదాకి. 1963 డిసెంబర్ 6న, అంటే పేలుడు మొదలై నెల కూడా కాకముందే, ఒక ఫ్రెంచి పత్రిక విలేకరులు పడవలో వెళ్ళి దీవి మీద దిగారు. పావుగంట ఉన్నారేమో, పెద్ద పేలుళ్ళు మొదలయ్యేసరికి పరుగో పరుగు. ఇది ఫ్రాన్స్‌దే అని వాళ్ళు జోక్ వేస్తే ఐస్‌లాండ్ వెంటనే ఇది మా నీళ్ళలో పుట్టింది, మాదే అని తేల్చిచెప్పింది. అంతకు మించి గొడవేం జరగలేదు. నన్నడిగితే, బతికి బయటపడటమే వాళ్ళ అదృష్టం.

రక్షిత ప్రాంతం ఎప్పుడు చేశారు?

1965లో. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి, 1965 అంటే అగ్నిపర్వతం ఇంకా పేలుతూనే ఉంది! మామూలుగా ఎక్కడైనా అడవిని సగం నరికేశాకో, జంతువులు పదో పాతికో మిగిలాకో అభయారణ్యం బోర్డు పెడతారు. ఇక్కడ పచ్చటి మొలక ఒకటీ అరా కనిపించిందో లేదో, అప్పటికే చట్టం చేసి తలుపులు మూసేశారు. ఈ తెలివి వెనక భూగర్భ శాస్త్రవేత్త సిగుర్దుర్ థోరారిన్సన్, జీవశాస్త్రవేత్త స్టుర్లా ఫ్రిద్రిక్సన్ లాంటివాళ్ళున్నారు. పరిశోధనలన్నీ ఒక పద్ధతిలో జరగాలని సర్ట్సీ పరిశోధన సంఘం పెట్టింది కూడా 1965లోనే. 2006లో చుట్టూ ఉన్న సముద్రాన్ని, నీటి కిందున్న అగ్నిపర్వతం మొత్తాన్ని కలిపి రక్షిత ప్రాంతాన్ని 65 చదరపు కిలోమీటర్లకి పెంచారు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అంత కట్టుదిట్టం దేనికి? ఏముందని అక్కడ?

ఏమీ లేకపోవడమే అక్కడి గొప్ప. నేల కొత్తది, పేలుడు వేడికి ప్రాణమన్నది మిగలని నేల. అలాంటి చోటికి జీవం ఎలా వస్తుంది, ఏది ముందు, ఏది వెనక, ఎవరి మీద ఎవరు ఆధారపడతారు అన్నది మొదటి రోజు నుంచీ రాసుకుంటూ వచ్చే అవకాశం ఇంకెక్కడా దాదాపు దొరకదు. 1883లో ఇండోనేషియాలో క్రకటోవా అనే అగ్నిపర్వత దీవి పేలినప్పుడు కూడా ఇలాంటి చర్చే జరిగింది గానీ, అక్కడ పేలుడు తర్వాత ఒక్క వేరు కూడా బతికి లేదా అన్న అనుమానం శాస్త్రవేత్తల్ని చాలాకాలం వదల్లేదు. సర్ట్సీలో ఆ అనుమానానికి చోటే లేదు, అంతకుముందు అక్కడున్నది సముద్రం.

అందుకే మనుషుల బూట్లకి అంటుకుని వచ్చే ఒక్క గడ్డి విత్తనం చాలు, లెక్కంతా తప్పడానికి. ఆ మొక్క గాలికొచ్చిందా, పక్షి తెచ్చిందా, శాస్త్రవేత్త జేబులోంచి రాలిందా అని ఎలా తెలుస్తుంది?

మరి ఎవరు వెళ్ళొచ్చు?

అనుమతి తీసుకున్న శాస్త్రవేత్తలు, వాళ్ళకి సాయంగా వెళ్ళే కొద్దిమంది. అంతే. పర్యాటకులకి ఎంత డబ్బిచ్చినా కుదరదు. దీవి మీద దిగకూడదు, దగ్గర్లో నీళ్ళలోకి దూకి ఈదకూడదు, మట్టి గానీ రాయి గానీ విత్తనం గానీ తేకూడదు, చెత్త వేయకూడదు, తీరానికి రెండు కిలోమీటర్ల లోపు తుపాకీ పేల్చకూడదు. వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు బట్టలు, సంచులు, బూట్లు దులిపి, మడతల్లో విత్తనాలేమైనా దాక్కున్నాయేమో వెతుక్కుంటారు.

మనుషులు కట్టినవి చెప్పుకోదగ్గవి అక్కడ రెండే. ఒకటి శాస్త్రవేత్తలు పడుకోవడానికి చిన్న గుడిసె, పేరు పాల్స్‌బేర్, అందులో అంతస్తుల మంచాలు, సోలార్ కరెంటు, అత్యవసరానికి ఒక రేడియో ఉంటాయి. రెండోది పైన కొండ మీద వదిలేసిన లైట్‌హౌస్ పునాది.

టమాటా మొక్క కథ నిజమేనా?

నిజమే. నవ్వొస్తుంది గానీ నిజం. లావా రాళ్ళ మధ్య ఒకరోజు ఎవరూ గుర్తుపట్టలేని మొక్క కనిపించింది. ఉత్తర అట్లాంటిక్ చలిలో, గాలిలో ఇలాంటి మొక్క మొలవడమేంటని తలలు పట్టుకున్నారు. తీరా చూస్తే అది టమాటా. ఎలా వచ్చిందంటే, దీవికి వచ్చినవాళ్ళలో ఎవరో కాలకృత్యాలు రాళ్ళ సందులో కానిచ్చి, సరిగ్గా శుభ్రం చెయ్యకుండా వచ్చేశారు. తిన్న టమాటాల గింజలు అరక్కుండా అందులో ఉన్నాయి, ఎరువు కూడా పక్కనే సిద్ధంగా ఉంది. మొక్కనీ, కింది "మట్టినీ" తవ్వి తీసేశారు. ఆ మనిషి ఎవరన్నది తవ్వకపోవడమే మర్యాద.

ఇంకోసారి కుర్రాళ్ళు కొందరు పడవలో వచ్చి బంగాళాదుంపలు నాటి వెళ్ళారు. కంటపడగానే వాటినీ పీకేశారు.

అందరికన్నా ముందు వచ్చిన ప్రాణి ఏది?

పేలుడు ఇంకా జరుగుతుండగానే గల్ అనే సముద్రపు పక్షులు బూడిద మీద వాలి చూసి వెళ్ళాయి. ఊరికే కాసేపు వాలినవాటిని వచ్చినట్టు లెక్కేయాలా అంటే, వేయరు. 1964లో చూస్తే బూజు, బ్యాక్టీరియా దొరికాయి, గాలికి కొట్టుకొచ్చిన చిన్న ఈగ జాతి పురుగు ఒకటి దొరికింది. 1965లో ఒడ్డున సీ రాకెట్ అనే మొక్క మొలకెత్తింది, వేరూ కాండం ఉన్న మొక్కల్లో ఇదే మొదటిది. పాపం ఆ మొలకలు ఎక్కువ రోజులు బతకలేదు, పక్కన పేలుతున్న సిర్ట్లింగర్ బూడిద వాటి మీద పడింది.

మామూలుగా స్కూల్లో చెప్పేదేంటి? ముందు లైకెన్ (రాళ్ళ మీద పొరలా అంటుకుని పెరిగేది), తర్వాత నాచు, అవి రాయిని మట్టి చేశాక మొక్కలు. సర్ట్సీలో ఈ వరుస తారుమారైంది. ముందు ఒడ్డు మొక్కలు, 1967లో నాచు, 1970లో గానీ లైకెన్ రాలేదు.

మొక్కలు ఇప్పుడు ఎన్ని ఉన్నాయి?

మొదటి ఇరవై ఏళ్ళలో ఇరవై జాతుల మొక్కలు కనిపిస్తే, నిలదొక్కుకున్నవి పదే. కారణం సులువు: లావా ఇసుకలో నత్రజని దాదాపు ఉండదు, కురిసిన వాన కురిసినట్టే కిందికి దిగిపోతుంది. అలాంటి చోట హాయిగా బతికింది సీ శాండ్‌వర్ట్ అనే చిన్న ఒడ్డు మొక్క. మందపాటి ఆకులు, ఇసుకలోకి లోతుగా దిగే వేళ్ళు, ఇసుక మీద పడితే దాని పైకి మళ్ళీ లేచొచ్చే మొండితనం. ఇప్పటికీ దీవి మీద ఎక్కువ మేర కనిపించేది అదే.

2008 నాటికి లెక్క మారిపోయింది. అప్పటికి కనిపించినవి 69 జాతులు, స్థిరపడినవి 30. ఐస్‌లాండ్ పెద్ద భూభాగం మొత్తం మీద ఉన్నవే సుమారు 490 అని గుర్తుంచుకోండి. 1998లో మొదటి పొద, విల్లో జాతిది, కనిపించింది. చెట్టు అని ఆశపడకండి, ఆ గాలికి అది నేలని కరుచుకునే పెరుగుతుంది.

మధ్యలో అంత మార్పు ఎలా వచ్చింది?

పక్షుల రెట్ట. ఇంతకన్నా మర్యాదగా చెప్పలేను, చెప్పాల్సిన పని కూడా లేదు. 1980ల నడిమిలో దీవి దక్షిణ భాగంలో లావా మీద గల్ పక్షులు గుంపుగా గూళ్ళు పెట్టడం మొదలుపెట్టాయి. వాటి రెట్ట, పిల్లలకి తెచ్చి పడేసిన చేప ముక్కలు, చచ్చిన పిల్లలు, ఈకలు, ఇవన్నీ కలిసి సముద్రంలోని నత్రజనిని తెచ్చి రాళ్ళ మీద పోశాయి. అప్పటిదాకా పదేళ్ళకి నాలుగైదు మొక్కలు నిలబడితే గొప్ప అనుకున్న చోట ఏటా కొత్తవి రావడం మొదలైంది.

పై నుంచి తీసిన ఫొటో చూస్తే భలే తెలుస్తుంది. దీవంతా నలుపు, గోధుమ రంగు. దక్షిణం వైపు ఒక్క చోట మాత్రం పచ్చటి మరక. అది సరిగ్గా గల్ పక్షుల కాలనీ. మరక అంచుల్లో సీ శాండ్‌వర్ట్ దుబ్బులు విడివిడిగా ఉంటాయి, లోపలికి వెళ్ళేకొద్దీ గడ్డి చిక్కబడి నడిమధ్య రాయి కనిపించనంత దట్టంగా అల్లుకుంటుంది. కాలనీ ఏటా కొంచెం పాకితే, దాని వెనకే పచ్చదనం కూడా పాకింది. 1960లలో చాలామంది శాస్త్రవేత్తల చూపు సముద్రం వైపే ఉండేది, విత్తనాలు ఎక్కువగా అలల మీద కొట్టుకొస్తాయని అనుకున్నారు. వచ్చిన మొక్కల్లో నాలుగింట మూడొంతులు పక్షులు తెచ్చినవే అని తర్వాత లెక్క తేలింది. గాలి, సముద్రం కలిపి తెచ్చింది మిగతా పావు వంతు.

విత్తనాలు పక్షులు ఎలా తెస్తాయి?

తిని, ఆపైన దీవి మీద రెట్టవేసి. కాళ్ళకి, ఈకలకి అంటుకుని. గూడు కట్టుకోవడానికి పక్క దీవి నుంచి పరకలు తెచ్చుకుని. వలస వెళ్తూ ఇక్కడ కాసేపు ఆగే స్నో బంటింగ్ అనే చిన్న పిట్టల కడుపులో ఏముందో మొదటి ఏళ్ళలోనే కోసి చూశారు (ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోరు). ఆహారాన్ని నూరుకోవడానికి మింగిన గులకరాళ్ళ మధ్య విత్తనాలు దొరికాయి, నాటితే కొన్ని మొలిచాయి కూడా. సముద్రం కూడా చమత్కారాలు చేస్తుంది. స్కేట్ అనే చేప పెట్టే గుడ్డు తోలుసంచిలా ఉంటుంది. అలాంటి ఖాళీ సంచులు ఒడ్డుకి కొట్టుకొస్తే, వాటి గరుకు చర్మానికి గడ్డి విత్తనాలు పట్టుకుని ఉన్నాయి.

ఏయే పక్షులు గూళ్ళు పెడతాయి?

మొదట 1970లో రెండు జాతులు: ఫుల్మార్, బ్లాక్ గిల్లెమాట్. రెండూ సముద్రపు పక్షులే, గూటికి గడ్డీ మట్టీ అక్కర్లేనివి, లావా గోడలో అరచేయంత గట్టు దొరికితే చాలు. ఫుల్మార్ గురించి ఒక హెచ్చరిక: చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ, దగ్గరికెళ్తే కడుపులోంచి నూనె లాంటి కంపు పదార్థాన్ని గురిచూసి కక్కుతుంది. పిల్ల కూడా కక్కుతుంది! బట్టలకి అంటుకుంటే ఎంత ఉతికినా ఆ కంపు ఒక పట్టాన వదలదు.

తర్వాత కిట్టివేక్ వచ్చింది, నల్లవీపు గల్ జాతులు వచ్చాయి. 1996లో స్నో బంటింగ్ ఇక్కడే గూడు పెట్టింది, నేల మీద పురుగులు ఏరుకుని తినే పిట్ట పిల్లల్ని సాకగలిగిందంటే నేల మీద పురుగులు ఆ మాత్రం ఉన్నాయనే కదా. 2004లో అందరూ ఎదురుచూసిన పఫిన్ గూడు దొరికింది. రంగురంగుల ముక్కుతో జోకర్‌లా కనిపించే ఈ పక్షి వెస్ట్‌మన్ దీవుల్లో లక్షల్లో ఉంటుంది. మట్టిలో బొరియ తవ్వుకోవడం దానికి ఇష్టం కాబట్టి సర్ట్సీ దానికి నచ్చడానికి నలభై ఏళ్ళు పట్టింది, అది కూడా రాళ్ళ సందులతో సర్దుకుంది. 2009లో గోల్డెన్ ప్లోవర్ గూడు నాలుగు గుడ్లతో కనిపించింది. వచ్చిపోయేవాటితో కలిపి దీవి మీద నమోదైన పక్షి జాతులు 89.

పురుగూ పుట్రా?

యునెస్కో జాబితాలో చేరేనాటికి 335 జాతుల వెన్నెముక లేని జీవులు నమోదయ్యాయి. రెక్కలున్నవి ఎగిరో, గాలికి కొట్టుకునో వచ్చాయి. సాలీళ్ళు దారం వదిలి ఆ దారంతో గాలిలో తేలుతూ వచ్చాయి. మరి రెక్కలూ దారమూ లేనివి? దానికి నాకు బాగా నచ్చిన సంఘటన ఒకటుంది. 1974లో ఒడ్డుకి పెద్ద గడ్డిదుబ్బు ఒకటి కొట్టుకొచ్చింది, వేళ్ళూ మట్టితో సహా. శాస్త్రవేత్తలు అందులో సగం మాత్రమే తీసుకెళ్ళి వెతికితే 663 జీవులు బయటపడ్డాయి. ఎక్కువగా కంటికి ఆనీ ఆనని నల్లి జాతివి, స్ప్రింగ్‌టెయిల్ అనే గెంతే పురుగులు. ఉప్పునీళ్ళలో ప్రయాణం చేసి కూడా చాలావరకు బతికే ఉన్నాయి.

1993లో మట్టి నమూనాల్లో వానపాము దొరికింది. బహుశా హేమయ్ నుంచి ఏ పక్షో తెచ్చి ఉంటుంది. మట్టే లేని దీవిలో ముప్పై ఏళ్ళకి వానపాము!

ఎలుకలు, కుందేళ్ళు, నక్కలు?

ఒక్కటీ లేదు. ఉండకూడదు కూడా. నేల మీద గూడు పెట్టే పక్షుల దీవికి ఎలుక చేరితే ఏమవుతుందో ప్రపంచంలో చాలా దీవులు చూశాయి.

పాలిచ్చే జంతువుల్లో ఇక్కడికొచ్చేవి సీల్స్. దీవి పుట్టిన కొద్దికాలానికే చుట్టుపక్కల కనిపించాయి, తర్వాత ఉత్తరం కొసన అలలు పేర్చిన ఇసుక, గులకరాళ్ళ దిబ్బ మీద ఎండ కాచుకోవడం మొదలుపెట్టాయి. 1983లో గ్రే సీల్స్ ఇక్కడే పిల్లల్ని కన్నాయి. సీల్స్ ఉన్నచోటికి వాటిని తినే ఓర్కా తిమింగలాలు కూడా వస్తాయి. నీటి కింద లావా గోడల మీద పాచి, నక్షత్ర చేపలు, సముద్రపు అర్చిన్లు ఎప్పుడో కాపురం పెట్టేశాయి, నేల మీద కన్నా అక్కడ చాలా తొందరగా.

లోపల ఇంకా వేడిగా ఉందా? మళ్ళీ పేలుతుందా?

వేడిగానే ఉంది. 1979లో 181 మీటర్ల లోతుకి బోరు వేసి చూస్తే ఒక దశలో 140 డిగ్రీల సెల్సియస్ దాకా తగిలింది. 2017లో మళ్ళీ వెళ్ళి పాత బోరు పక్కనే కొత్తవి వేశారు. ఆ వేడి వల్ల ఒక మంచి జరిగింది: వదులుగా ఉన్న బూడిద, వేడి నీళ్ళూ కలిసి కొన్నేళ్ళలోనే గట్టి రాయిగా మారిపోయాయి. అంతకు వందలు, వేల ఏళ్ళు పడుతుందని అనుకునేవారు. రోమన్లు ఓడరేవులకి వాడిన సముద్రపు కాంక్రీటులో దొరికే ఖనిజమే ఈ రాయిలో కూడా దొరికింది, అందుకని కాంక్రీటు మీద పనిచేసేవాళ్ళు కూడా సర్ట్సీ మీద కన్నేశారు.

పేలుడు సంగతికొస్తే, సర్ట్సీ లాంటివి ఒకసారి పేలి ఊరుకునే రకమని శాస్త్రవేత్తల అభిప్రాయం. అయితే ఆ ప్రాంతం నిద్రపోలేదు. 1973 జనవరిలో హేమయ్ ఊరి పక్కనే నేల చీలి కొత్త కొండ లేచింది, రాత్రికి రాత్రి ఊరు ఊరంతా పడవలెక్కి పెద్ద భూభాగానికి వెళ్ళాల్సొచ్చింది.

దీవి కరిగిపోతోందంట?

అవును, రోజూ. 2.7 చదరపు కిలోమీటర్లు కాస్తా సగానికి వచ్చాయి, ఎక్కువ నష్టం మొదటి కొన్నేళ్ళలోనే జరిగింది. దక్షిణం వైపు తుఫాను అలలు లావా గోడల్ని కింద నుంచి తొలిచి కూలగొడతాయి, ఆ రాళ్ళని గుండ్రంగా అరగదీసి ఉత్తరానికి మోసుకుపోయి దిబ్బగా పేరుస్తాయి. ఎత్తు కూడా 155 మీటర్లకి తగ్గింది, అందులో కొంత దీవి తన బరువుకి తానే కిందికి కుంగడం వల్ల. కానీ పూర్తిగా మాయమవదు. మధ్యలో గట్టిపడిన రాతి భాగం ఉంది చూశారా, అది మిగులుతుంది. ఇంకో వందా నూట యాభై ఏళ్ళకి లావా మైదానాలన్నీ పోయి, ఆ గుట్ట ఒక్కటే నిలబడుతుందని అంచనా.

ఇక్కడ ఒక తిరకాసుంది. నేల తగ్గితే జాతులూ తగ్గుతాయి. వెస్ట్‌మన్ దీవుల్లో ఇంతకుముందే అరిగిపోయి గుట్టలుగా మిగిలినవి ఉన్నాయి, వాటి మీద గుప్పెడు జాతుల మొక్కలే ఉంటాయి, పక్షులు మాత్రం ఇసకేస్తే రాలవు. కాబట్టి సర్ట్సీ రోజురోజుకీ పచ్చబడుతూ పోతుందనుకుంటే పొరపాటు. కొన్నాళ్ళు పెరుగుతుంది, ఆపైన మొక్కల లెక్క తగ్గుతుంది. అది కూడా రాసుకోవడానికే శాస్త్రవేత్తలు ఏటా వేసవిలో వెళ్తున్నారు.

మనుషులు వెళ్ళకపోతే చెత్త కూడా ఉండదుగా?

ఉంటుంది. ఉత్తరపు దిబ్బ మీద ప్లాస్టిక్, తెగిన వలలు, చేపల వలలకి కట్టే తేలే బంతులు అలలతో వచ్చి పడుతూనే ఉన్నాయి. చట్టాన్ని సముద్రం చదవదు.

నాకు చూడాలనుంది. ఏదైనా దారి ఉందా?

దిగడానికి లేదు గానీ, చూడ్డానికి ఉంది. హేమయ్ నుంచి వేసవిలో పడవ మీద చుట్టూ తిప్పి చూపించేవాళ్ళున్నారు, చిన్న విమానాల్లో పై నుంచి చూపించేవాళ్ళూ ఉన్నారు. పడవకి అయితే వాతావరణం కుదరాలి, అక్కడ గాలి మూడ్ గంటకోలా ఉంటుంది, కాబట్టి ఒక్కరోజు ప్లాన్ వేసుకుని వెళ్తే నిరాశే మిగలొచ్చు. పడవ తిరిగినా తిరక్కపోయినా, హేమయ్‌లోనే ఎల్డ్‌హేమర్ అనే మ్యూజియం ఉంది. ముఖ్యంగా 1973 పేలుడు గురించి, బూడిద కింద కూరుకుపోయిన ఒక ఇంటిని తవ్వితీసి దాని చుట్టూ కట్టింది. సర్ట్సీకి అందులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. ముందు అది చూసి తర్వాత పడవెక్కితే, దూరం నుంచి కనిపించే ఆ పచ్చ మరక ఏంటో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.